ప్రమాద కారకాల జాబితా చేతికొచ్చింది, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచేది ప్రమాద కారకం, తగ్గించేది రక్షక కారకం. వీటి గురించి మీరు అడిగినవి రెండు. రక్షక కారకం అంటే ప్రమాద కారకం లేకపోవడమేనా, లేక వేరే సంగతా? సర్వేలో పద్నాలుగు కారకాలు తేలితే వాటిలో దేనితో పని మొదలుపెట్టాలి? రెండో ప్రశ్నకు మూలమైన మాట ముందే చెప్తాను. ఒక కారకానికీ జబ్బుకూ సంబంధం ఉందని తేలినంత మాత్రాన, ఆ కారకాన్ని మారిస్తే జబ్బు తగ్గుతుందని తేలినట్టు కాదు. ఆ రెండో సంగతి విడిగా తేలాలి. ప్రజారోగ్య కార్యక్రమాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ముందు లెక్క. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక అలవాటు ఉన్నవాళ్లు 1,000 మంది, లేనివాళ్లు 1,000 మంది. పదేళ్లలో మొదటి గుంపులో 60 మందికి, రెండో గుంపులో 20 మందికి జబ్బు వచ్చింది. 60ని 20తో భాగిస్తే రిలేటివ్ రిస్క్ 3. 60 నుంచి 20 తీసేస్తే వెయ్యికి 40 మంది అదనం. ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కనే రాసుకోండి, ఒకటి రాసి రెండోది వదిలేయకండి. 'మూడు రెట్లు' అన్న మాట కారణాన్ని వెతికేవారికి పనికొస్తుంది. 'వెయ్యికి 40' అన్నది బడ్జెట్ వేసేవారికి కావాలి. ఆ అలవాటే జబ్బుకు కారణమైతే, 25 మంది చేత దాన్ని పూర్తిగా మాన్పిస్తే పదేళ్లలో ఒక్క జబ్బు ఆగుతుందని అర్థం. అదే జబ్బు చాలా అరుదై, వెయ్యికి కాక లక్షకు 60, 20 చొప్పున వచ్చి ఉంటే రిలేటివ్ రిస్క్ అప్పుడూ 3 గానే ఉంటుంది. కానీ ఒక్క జబ్బు ఆపడానికి 2,500 మందిని మార్చాలి.

ఆడ్స్ రేషియో దగ్గర జాగ్రత్త. ఒక గుంపులో జబ్బు వచ్చినవారిని రానివారితో భాగిస్తే వచ్చేది ఆడ్స్, రెండు గుంపుల ఆడ్స్‌ను భాగిస్తే వచ్చేది ఆడ్స్ రేషియో. జబ్బు అరుదైతే అది రిలేటివ్ రిస్క్‌కి దగ్గరగానే ఉంటుంది. పై ఉదాహరణలో 3.1 వస్తుంది. ఫలితం తరచుగా కనిపించేదైతే మాత్రం బాగా పెరిగిపోతుంది. ఒక గుంపులో వెయ్యికి 600, ఇంకో గుంపులో 400 అనుకోండి. రిలేటివ్ రిస్క్ 1.5, ఆడ్స్ రేషియో 2.25. దిగులు, నిద్రలేమి, పొగ మొదలుపెట్టడం వంటివి తరచుగా కనిపించే ఫలితాలే. లాజిస్టిక్ రిగ్రెషన్ అనే గణాంక పద్ధతి ఆడ్స్ రేషియోగా ఇచ్చిన 2.25ని చూసి 'రెండు రెట్లకు పైగా ప్రమాదం' అని నివేదికలో రాస్తే అది తప్పే.

మీ పద్నాలుగు కారకాలు ఎన్ని ప్రశ్నల్లోంచి తేలాయో కూడా చూడండి. 40 ప్రశ్నలను ఒక్కొక్కటిగా పరీక్షించి, లేని సంబంధాన్ని ఉందని పొరబడే అవకాశానికి 5 శాతం హద్దు పెట్టుకుంటే, అసలు ఏ సంబంధమూ లేకపోయినా సగటున రెండు కాకతాళీయంగా 'తేలతాయి'. రిలేటివ్ రిస్క్ 1 అంటే తేడా లేదని, కాబట్టి కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల పరిధి) 0.9 నుంచి 1.9 వరకు ఉన్న కారకాన్ని తేలినట్టూ లెక్కేయకూడదు, లేనట్టూ లెక్కేయకూడదు. దాన్ని పక్కన ఉంచి తర్వాతి సర్వేలో మళ్లీ అడగండి.

ఇక ఏ కారకం పెద్దది? రిలేటివ్ రిస్క్ ఒక్కటే చూసి వరస పెట్టడం చాలామంది చేసే పొరపాటు. అది జనంలో ఎంతమందికి ఉందన్నదీ కలపాలి. ఉన్నవారి వాటాను, రిలేటివ్ రిస్క్‌లోంచి ఒకటి తీసేసిన సంఖ్యతో గుణించండి. వచ్చినదాన్ని, దానికే ఒకటి కలిపిన సంఖ్యతో భాగించండి. ఆ కారకమే నిజంగా కారణమైతే మొత్తం జబ్బులో దాని వాటా ఎంతో ఇది చెబుతుంది. రిలేటివ్ రిస్క్ 10 ఉన్న కారకం నూటికి ఒక్కరికే ఉంటే వాటా సుమారు 8 శాతం. రిలేటివ్ రిస్క్ 2 మాత్రమే ఉన్నది నూటికి 40 మందికి ఉంటే వాటా దాదాపు 29 శాతం. చూడ్డానికి భయంకరంగా ఉన్న మొదటిదానికంటే, ఎవరూ పట్టించుకోని రెండోదే జనం మీద పెద్ద బరువు.

ఈ వాటాలను ఒకదానికొకటి కలిపి 'మొత్తం 100 శాతం' చేయాలని చూడకండి, ఆ మొత్తానికి అర్థం లేదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బునే చూడండి. జన్యులోపం ఉన్న బిడ్డకు ఆహారపు ప్రోటీన్లలో ఉండే ఫినైల్‌అలనిన్ అందినప్పుడే మెదడు దెబ్బతింటుంది. జన్యువు వాటా 100 శాతం, ఆహారం వాటా కూడా 100 శాతం. కారణాలు కలిసి పనిచేసేచోట వాటాల మొత్తం వంద దాటడం మామూలే. మనకు మేలు చేసే సంగతి కూడా ఇందులో ఉంది. కలిసి పనిచేసే కారణాల్లో ఏ ఒక్కటి విరిచినా చాలు. ఈ జబ్బులో జన్యువును ముట్టుకోకుండానే, పుట్టిన తొలి రోజుల్లో రక్తపరీక్ష చేసి ఆహారం మార్చి బిడ్డను కాపాడుతున్నారు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. కొన్నిచోట్ల రక్షక కారకం ప్రమాద కారకానికి అచ్చంగా అవతలి వైపే. టీకా వేసుకోవడం, వేసుకోకపోవడం లాంటిది. అక్కడ రిలేటివ్ రిస్క్ 0.25 అన్నా, తిరగేసి 4 అన్నా ఒకటే. కానీ ఇంకో రకం ఉంది. ప్రమాదం ఎదురైనప్పుడే పనిచేసి, ఎదురుకాకపోతే పెద్దగా కనిపించని రకం. సికిల్ సెల్ జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారికి తీవ్రమైన మలేరియా నుంచి గట్టి రక్షణ ఉంటుంది. మలేరియా లేనిచోట ఆ జన్యువు వల్ల అలాంటి లాభమేమీ లేదు. పైగా తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే అది జబ్బు. అంటే ఒక కారకం రక్షకమా కాదా అన్నది ఎదురుగా ఏ ప్రమాదం ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

మానసిక, సామాజిక కారకాల్లో ఈ రెండో రకమే ఎక్కువ. దాన్ని పట్టుకోవాలంటే జనాన్ని నాలుగు గదుల్లో చూడాలి. మళ్లీ ఊహా సంఖ్యలే: ఇంట్లో తీవ్రమైన ఒత్తిడి లేని పిల్లల్లో, నమ్మకమైన పెద్దమనిషి అండ ఉన్నవాళ్లకు సమస్య నూటికి 10, అండ లేనివాళ్లకు 11. ఒత్తిడి ఉన్న పిల్లల్లో అండ ఉంటే 16, లేకపోతే 35. అయిదుగురిలో ఒకరికి ఒత్తిడి ఉందనుకుని అందరినీ కలిపేస్తే, అండ ఉన్నవాళ్లలో 11.2, లేనివాళ్లలో 15.8. తేడా 4.6 మాత్రమే, చాలామంది దీన్ని చిన్న విషయమని వదిలేస్తారు. నిజానికి అవసరమైన పిల్లల్లో ఆ తేడా నూటికి 19. సగటు దాన్ని మింగేసింది. కాబట్టి రక్షక కారకాలను ఎప్పుడూ ప్రమాదం ఉన్నవారిలో, లేనివారిలో విడివిడిగా చూడండి. రెట్లలో కాదు, తీసివేతలో చూడండి. ప్రమాదం ఉన్నచోటే రక్షణ ఎక్కువగా పనిచేసే ఇలాంటి కలయికను నమ్మకంగా తేల్చడానికి, అంతే పరిమాణమున్న మామూలు తేడాను తేల్చడానికి కావలసినదానికి సుమారు నాలుగు రెట్ల మంది కావాలి. 300 మంది సర్వేలో 'కలయిక కనబడలేదు' అని తేల్చేయకండి.

సంబంధానికీ కారణానికీ మధ్య తేడా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే రక్షక కారకాల్లో మోసం ఎక్కువ జరిగేది ఇక్కడే. పొగాకు విషయంలో పరిశీలన నిలబడింది. బ్రిటిష్ వైద్యుల మీద 1951లో పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ మొదలుపెట్టిన అధ్యయనం యాభై ఏళ్లు నడిచింది. జీవితాంతం సిగరెట్ తాగినవారు సగటున పదేళ్ల ఆయుష్షు కోల్పోయారు. 60 ఏళ్లకు మానితే 3, 50కి మానితే 6, 40కి మానితే 9, 30కి మానితే దాదాపు 10 సంవత్సరాలు తిరిగి దక్కాయి. ఎక్కువ తాగితే ఎక్కువ ప్రమాదం, మానితే తగ్గుదల, తొందరగా మానితే ఇంకా తగ్గుదల. మానినప్పుడు తగ్గడం అన్నది కారకం నిజమైన కారణమనడానికి చాలా బలమైన గుర్తు.

బీటా కెరొటిన్ అనే పోషకం కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. కూరగాయలు, పండ్లు బాగా తినేవారి రక్తంలో అది ఎక్కువగా ఉంటుంది, వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ. సంబంధం ఎన్నో అధ్యయనాల్లో స్థిరంగా కనబడింది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారి మీద జరిపిన పరీక్షలో రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరొటిన్ ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది: ఇచ్చినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో పొగతాగేవారు, మానినవారు, ఆస్‌బెస్టాస్ పనివారు కలిపి 18,314 మందితో నడిచిన పరీక్షలో విటమిన్ ఎ కూడా కలిపి ఇచ్చారు. అక్కడ 28 శాతం పెరిగింది, 1996 జనవరిలో గడువుకు ముందే ఆపేశారు. రక్తంలోని బీటా కెరొటిన్ మంచి ఆహారానికీ, దానితో పాటే వచ్చే ఇతర అలవాట్లకూ గుర్తు మాత్రమే. గుర్తును విడదీసి మాత్రగా మింగిస్తే రక్షణ వెంట రాలేదు.

మెనోపాజ్ తర్వాత హార్మోన్లు వాడే స్త్రీలలో గుండెజబ్బు తక్కువని పరిశీలనలు చెప్పాయి. 16,608 మంది మీద జరిగిన యాదృచ్ఛిక పరీక్షను (ఎవరికి మందు ఇవ్వాలో చీట్లు తీసినట్టు నిర్ణయించే పరీక్షను) 2002లో ఆపాల్సి వచ్చింది, ఈస్ట్రోజన్‌తో ప్రొజెస్టిన్ కలిపి తీసుకున్నవారిలో గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్ రెండూ పెరిగాయి కాబట్టి. హార్మోన్లు తమంతట తాము కోరి వాడినవారు సాధారణంగా చదువు, ఆదాయం ఎక్కువున్నవారు, డాక్టరు దగ్గరికి తరచూ వెళ్లేవారు. హార్మోన్లు మెనోపాజ్ కాగానే మొదలయ్యాయా, ఏళ్ల తర్వాత మొదలయ్యాయా అన్న తేడా కూడా ఇందులో ఉంది. అలాగే 'మంచి కొలెస్టరాల్' అని పేరుపడ్డ హెచ్‌డీఎల్‌ను టోర్సెట్రాపిబ్ అనే మందు దాదాపు 72 శాతం పెంచింది. మరణాలు కూడా పెరిగాయి, 2006 డిసెంబరులో పరీక్ష ఆపేశారు.

వీటిని బట్టి మీ జాబితాలోని ప్రతి కారకాన్నీ ఇలా నిలదీయండి. కారకం జబ్బుకంటే ముందు వచ్చిందా? బరువు తగ్గడం, పొగ మానేయడం లాంటివి చాలాసార్లు బయటపడని జబ్బు వల్లే జరుగుతాయి. అందుకే దీర్ఘకాల అధ్యయనాల్లో మొదటి రెండు నుంచి అయిదేళ్ల కేసులను వదిలేసి మళ్లీ లెక్కించి చూస్తారు. మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతోందా? వయసు, ఆదాయం, చదువు, పొగ వంటివి సర్దుబాటు చేశాక (వాటి ప్రభావాన్ని లెక్కలోంచి తీసేశాక) సంఖ్య ఎంత కదిలింది? 3 కాస్తా 1.4కి పడిపోతే, కొలవని విషయాలు మిగతాది కూడా తుడిచేయగలవని అనుమానించండి.

అయితే దొరికినవన్నీ లెక్క కట్టే మోడల్‌లో వేసి సర్దుబాటు చేయడమూ తప్పే. తక్కువ బరువుతో పుట్టిన శిశువుల్ని మాత్రమే చూస్తే, పొగతాగే తల్లుల పిల్లల్లో మరణాలు పొగతాగని తల్లుల పిల్లల్లోకంటే తక్కువగా కనిపిస్తాయి. 1971లో యెరుషాల్మీ అనే పరిశోధకుడు ఈ వింతను ముందుపెట్టాడు. పొగ శిశువును కాపాడుతోందని కాదు. పొగతాగని తల్లికి బరువు తక్కువ బిడ్డ పుట్టిందంటే అంతకన్నా ప్రమాదకరమైన పుట్టుక లోపం వంటి వేరే కారణం ఉండే అవకాశం ఎక్కువ. బరువు అన్నది పొగకూ మరణానికీ మధ్య దారిలో ఉన్న మెట్టు. దారిలోని మెట్టు మీద సర్దుబాటు చేస్తే ఫలితం తలకిందులు కావచ్చు. ముందుగా కాగితం మీద బాణాలు గీసి ఏది దేనికి ముందో తేల్చుకున్నాకే మోడల్ కట్టండి.

కారకం నిజమైనదే అయినా కాలం తప్పితే లాభం లేదు. ఫోలిక్ యాసిడ్ దీనికి మంచి ఉదాహరణ. వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టిన తల్లుల మీద జరిగిన పరీక్షలో, 1991లో వచ్చిన ఫలితం ప్రకారం, రోజుకు 4 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. కానీ శిశువు నాడీ నాళం (మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం) గర్భం దాల్చిన దాదాపు 28 రోజులకే మూసుకుపోతుంది. గర్భం వచ్చిందని తెలిసి ఆసుపత్రిలో పేరు రాయించుకునేసరికి ఆ గడువు చాలామందికి దాటిపోతుంది. అందుకే సాధారణ స్త్రీలకు చెప్పే రోజుకు 400 మైక్రోగ్రాముల మోతాదు గర్భానికి కనీసం నెల ముందు నుంచే మొదలవ్వాలి. ముందు లోపం ఉన్న బిడ్డ పుట్టినవారికి పెద్ద మోతాదు డాక్టరు పర్యవేక్షణలో. గర్భిణుల క్లినిక్‌లో మాత్రలు పంచి ఈ లోపం తగ్గాలని ఎదురుచూసే కార్యక్రమం పుట్టుకలోనే విఫలం.

ఇప్పుడు అండ ఇచ్చే పెద్దమనిషి సంగతికి వద్దాం, మీ జాబితాలో అది ఉంది కాబట్టి. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని పరిశోధకురాలు ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. రెండేళ్లలోపే పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బు లాంటి నాలుగు లేదా అంతకుమించి ప్రమాదాలు చుట్టుముట్టిన పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా, ఆత్మవిశ్వాసంతో ఎదిగారు. వారికి ఉన్నవాటిలో ముఖ్యమైనది కనీసం ఒక్క స్థిరమైన పెద్ద మనిషితో గట్టి అనుబంధం. ఆ మనిషి తల్లో తండ్రో కానక్కర్లేదు.

దీన్ని చదివి 'అయితే ప్రతి పిల్లవాడికీ ఒక పెద్దమనిషిని ఏర్పాటు చేద్దాం' అనుకోవడం సహజం. అచ్చంగా అలాంటి పని అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లోనే జరిగింది. 506 మంది అబ్బాయిల్ని జతలుగా పొంతన కుదిర్చి, ప్రతి జతలో ఒకరికి కౌన్సెలర్, చదువులో సాయం, వైద్యం, వేసవి శిబిరాలు సగటున అయిదేళ్లు ఇచ్చారు. ముప్ఫై ఏళ్ల తర్వాత పరిశోధకురాలు జోన్ మెకార్డ్ వెతికి చూసి 1978లో చెప్పింది: సాయం అందుకున్నవారి పరిస్థితే ఎక్కువ చెడింది. నేరాలు, తాగుడు, మానసిక జబ్బు, తొందర మరణం వారిలో ఎక్కువ. తర్వాతి విశ్లేషణలో ఎక్కువ హాని కనబడింది వేసవి శిబిరాలకు ఒకటికంటే ఎక్కువసార్లు వెళ్లినవారిలో. దారి తప్పే పిల్లల్ని ఒకచోట చేర్చితే ఒకరి ప్రవర్తనను ఒకరు మెచ్చుకుని బలపరుచుకుంటారన్నది దానికి ఇచ్చే ప్రధాన వివరణ. ఇంకో చేదు నిజం కూడా ఉంది. ఆ పాల్గొన్నవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది కార్యక్రమం తమకు మేలు చేసిందనే చెప్పారు. 'మీకు నచ్చిందా' అన్న ఫీడ్‌బ్యాక్ ఫారంతో కార్యక్రమాన్ని అంచనా వేయకూడదని ఇంతకంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు.

కవాయిలో ఆ అనుబంధం పిల్లల జీవితంలో దానంతటదే పుట్టి ఏళ్ల తరబడి నిలిచింది. మసాచుసెట్స్‌లో దాన్ని తెచ్చి పెట్టారు, మధ్యలో తీసేశారు. కాబట్టి మీరు ఆ కారకాన్ని ఎంచుకుంటే, ఇప్పటికే పిల్లల చుట్టూ ఉన్న పెద్దల చేతుల్ని బలపరచండి. ప్రమాదంలో ఉన్న పిల్లల్ని మాత్రమే ఏరి ఒక గుంపుగా కూర్చోబెట్టకండి, మామూలు పిల్లలతో కలిపి నడపండి. ఐస్‌లాండ్ పట్టుకున్న దారి ఇలాంటిదే. తల్లిదండ్రులు పిల్లలతో గడిపే సమయం పెంచడం, క్రీడలు, సంగీతం వంటి పెద్దల పర్యవేక్షణలో నడిచే వ్యాపకాలకు డబ్బు సాయం, రాత్రి బయట తిరిగే సమయానికి హద్దు, ఏటా బళ్లలో సర్వే చేసి ఆ ఊరి ఫలితం ఆ ఊరికే త్వరగా చూపించడం. గడిచిన నెలలో తాగి మత్తెక్కిన 15, 16 ఏళ్ల పిల్లలు 1998లో 42 శాతం, 2016లో 5 శాతం. పోల్చడానికి అక్కడ కార్యక్రమం చేరని బృందం లేదు, ఇతర దేశాల్లోనూ తాగుడు కొంత తగ్గింది. అందుకని మొత్తం ఘనత దానికే కట్టబెట్టలేం. అయినా తగ్గుదల పరిమాణం చూస్తే నాకు ఈ దారి మీద నమ్మకం ఎక్కువే.

మీ పద్నాలుగింటికీ ఒక పట్టిక వేయండి. కారకం పేరు, కొలిచిన పద్ధతి, మీ జనంలో ఎంతమందికి ఉంది, రిలేటివ్ రిస్క్, దాని ఇంటర్వెల్, జనాభా వాటా, మారుతుందా, ఎవరి చేతిలో ఉంది, మార్చే పద్ధతి యాదృచ్ఛిక పరీక్షలో నిలిచిందా, ఫలితం ఎన్నాళ్లకు కనబడుతుంది. వయసు, లింగం, కుటుంబ చరిత్ర మారవు. వాటిని ఎవరికి ముందు చేరాలో నిర్ణయించడానికి వాడండి, లక్ష్యాలుగా పెట్టకండి. 'మార్చే పద్ధతి' గడి ఖాళీగా ఉన్న కారకం ఎంత పెద్దదైనా ఈ ఏడాది పనిలోకి తీసుకోకండి. ఇలా జల్లెడ పట్టాక రెండు మూడు ప్రమాద కారకాలు, ఒకటి రెండు రక్షక కారకాలు మిగిలితే సరిపోతుంది. పద్నాలుగింటి మీదా పనిచేస్తే దేని మోతాదూ చాలదు.

వ్యక్తులకు మార్కులు వేసి ఏరడం గురించి ఒక హెచ్చరిక. మొదటి ఉదాహరణలో రిలేటివ్ రిస్క్ 3 అయినా, అలవాటు ఉన్న వెయ్యిమందిలో 940 మందికి జబ్బు రాలేదు. బాల్యంలోని కష్టాలను లెక్కించే ఏస్ స్కోరుకూ ఇదే వర్తిస్తుంది. 1998లో వచ్చిన ఆ అధ్యయనంలో నాలుగు లేదా ఎక్కువ కష్టాలు పడినవారికి తాగుడు, మాదకద్రవ్యాలు, దిగులు, ఆత్మహత్యాయత్నం ప్రమాదం 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. జనం మొత్తానికి అది గొప్ప సమాచారం, ఒక పిల్లవాడి భవిష్యత్తు చెప్పడానికి మాత్రం పనికిరాదు. స్కోరును ఫైలు మీద రాసి టీచర్ల చేతికిస్తే ఆ ముద్రే కొత్త ప్రమాద కారకమవుతుంది. కారకం అందరిలో కొద్దికొద్దిగా పరుచుకుని ఉంటే అందరికీ చేరే మార్పు మేలు. శిశువులను బోర్లా కాక వెల్లకిలా పడుకోబెట్టమన్న సలహా 1990ల మొదట్లో చాలా దేశాల్లో అందరు తల్లిదండ్రులకూ చేరింది. ఎవరికి ప్రమాదమని ఏరలేదు. నిద్రలో ఆకస్మిక శిశు మరణాలు ఆ దేశాల్లో సగానికి పైగా పడిపోయాయి.

చివరిగా మూల్యాంకనం, ఇది పని మొదలుకాకముందే అమర్చుకోవాలి. సంఖ్యలు బాగా చెడ్డగా ఉన్న బళ్లను ఏరి అక్కడే మొదలుపెడితే, మీరు ఏమీ చేయకపోయినా మరుసటి ఏడు అవి కొంత మెరుగుపడతాయి, ఎందుకంటే మరీ హెచ్చుగా వచ్చిన కొలత తర్వాత సగటు వైపు జారుతుంది. అది చూసి కార్యక్రమం గెలిచిందనుకుంటారు. దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. ఇరవై బళ్లు ఉంటే చీట్లు తీసి పదింటిలో ఈ ఏడు, మిగతా పదింటిలో వచ్చే ఏడు మొదలుపెట్టండి. రెండు గుంపుల్లోనూ ఒకే నెలలో, ఒకే ప్రశ్నలతో, పేరు రాయించుకోకుండా సర్వే చేయండి. ఆ రోజు బడికి రాని పిల్లల సంఖ్య కూడా రాసుకోండి, ప్రమాదంలో ఎక్కువ ఉన్నది తరచుగా వాళ్లే. జబ్బు తగ్గిందా అన్నదానికంటే ముందు, మీరు ఎంచుకున్న కారకం కదిలిందా అని చూడండి. కారకం కదలకుండా జబ్బు తగ్గితే ఆ ఘనత మీ కార్యక్రమానిది కాకపోవచ్చు. కారకం కదిలినా జబ్బు తగ్గకపోతే, గడువు ఇంకా చాలలేదా, లేక ఆ కారకం కేవలం గుర్తేనా అన్నది తేల్చుకున్నాకే రెండో ఏటి నిధులు విడుదల చేయించండి.